కుప్పానికి సైరన్

సైరన్ పరీక్ష జరిగిన ఉదయం నేను కూడా సముద్రం వైపే పరుగెత్తాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సైరన్ మోగగానే సముద్రానికి దూరంగా, రోడ్డు వైపు వెళ్లాలని ఇంటింటికీ పంచిన కాగితం రాసింది నేనే. తమిళంలోకి మార్పించింది నేనే, అచ్చుతప్పులు దిద్దింది నేనే. అయినా కూత వినపడగానే నా కాళ్లు ఆ కాగితం మాట వినలేదు. నివేదికలో మాత్రం "నివాసులు ఒడ్డు వైపు వెళ్లారు" అని రాశాను. ఆ నివాసుల్లో నన్ను కలపలేదు.

ఉద్యోగ జ్ఞాపకాలు రాయవలసింది రిటైరైనవాళ్లు. నాకింకా ముప్పై నిండలేదు. కానీ ఆ కంపెనీ వదిలేశాను, ఆ పనీ వదిలేశాను. ఇప్పుడు ఇంకోచోట, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనక్కర్లేని ఉద్యోగం చేస్తున్నాను. ఈ మధ్య మా పిన్ని కూతురూ, దాని స్నేహితురాళ్లూ అలాంటి కంపెనీల్లో చేరబోతూ, "ఫీజిబిలిటీ అంటే ఏం చేస్తారక్కా?" అని అడిగారు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం నాకు చేతకాదు. మాట సగంలో ఉండగానే అవతలివాళ్లు వేరే సంగతి ఎత్తుకుంటారు. అందుకని రాస్తున్నాను.

పని మరీ గొప్పదేమీ కాదు. ఎవరికో ఒక కొత్త యంత్రమో, యాపో, ఏదో ఒక ఏర్పాటో పెట్టాలని ఆలోచన వస్తుంది. డబ్బు పెట్టేవాళ్లు ముందుగా మాలాంటివాళ్లని పంపి, ఇది అయ్యే పనేనా చూసి రమ్మంటారు. యంత్రం పనిచేస్తుందా, ఖర్చుకి తగిన ఫలితం ఉంటుందా, చట్టం ఒప్పుకుంటుందా, జనం వాడతారా? ఇవన్నీ చూసి అవుననో కాదనో రాస్తాం. ఆ తర్వాత ఆ చోటికి మళ్లీ వెళ్లే అవసరం మాకు ఉండదు. సిగ్గరులకి సరిపోయే ఉద్యోగమని మొదట్లో అనుకున్నాను.

మా మేనేజరు సౌకార్‌పేటలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆమెది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. కోపం వస్తే మూడూ కలిసేవి. మేం మేడం అనేవాళ్లం. ఆమెకొక పద్ధతి ఉండేది. ఏ పనికైనా సరే, చోటు చూడడానికి వెళ్లకముందే నివేదిక చివరి పేజీ రాయించేవారు. అదీ రెండు రకాలుగా. ఒకటి "అవుతుంది" పేజీ, ఇంకొకటి "కాదు" పేజీ. రెండింటికీ కారణాలు సమంగా, శ్రద్ధగా రాయాలి. చూసి వచ్చాక ఒకదాన్ని చింపేయాలి.

"మనసులో ముందే ఒకటి రాసుకోని ఉంటావు గదా. అది కాయితం మీదికి రానీ," అనేవారు. "అప్పురం రెండోది రాయి. ఏది సుళువుగా వచ్చిందో నీకే తెలస్తాది. సుళువుగా వచ్చిన దాన్ని నమ్మగూడదు."

కొత్తగా చేరినవాళ్లు దీన్ని చూసి నవ్వుకునేవారు. నేను నవ్వలేదు. జరగని సంగతులకి కారణాలు రాయడం కథలు చదివేవాళ్లకి ఇష్టంగానే ఉంటుంది.

నాకు అప్పగించిన పనుల్లో ఒకటి తిరువొత్తియూరు దాటి ఎన్నూరు వెళ్లే దారిలో, సముద్రం ఒడ్డున ఉన్న ఒక కుప్పానిది. దాని పేరు రాయను. చేపలు పట్టేవాళ్ల పేటని అక్కడ కుప్పమంటారు. రెండు వరసల ఇళ్లు, ఒక గుడి, వలలు ఆరేసిన ఇసుక. ఇళ్ల వెనక లారీల రోడ్డు. అప్పుడప్పుడు ఒడ్డు వైపు నుంచి ఒక ఘాటు వాసన ఊళ్లోకి వచ్చేది. కళ్లు మండేవి, పిల్లలు దగ్గేవారు, కొంతసేపటికి పోయేది. అది ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ తేల్చలేదు. తేల్చడం మా పనీ కాదు. ఒక ట్రస్టు ముందుకొచ్చింది. ఒడ్డు వెంట స్తంభాలు పాతి, వాయువుని పసిగట్టే సెన్సర్లు వాటికి బిగించి, మోతాదు మించగానే సైరన్ మోగేలా, అందరి ఫోన్లకీ మెసేజ్ వెళ్లేలా చేద్దామన్నది వాళ్ల ఆలోచన. పరీక్ష కోసం రెండు స్తంభాలు, ఒక సైరన్ ఇచ్చారు. మేం అవుతుందంటే ఆ కుప్పానికి పూర్తిగా పెడతారు. కాదంటే ఆ డబ్బు ఇంకో పథకానికి పోతుంది.

నన్ను ఆ పనిలో వేసింది తెలివి చూసి కాదు, భాష చూసి. ఆ కుప్పం వాళ్ల తాతలు నెల్లూరు తీరం నుంచి వచ్చినవాళ్లు. పెద్దవాళ్లు ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. పిల్లలు తమిళంలో జవాబిస్తారు. సెన్సర్ల పని చూసే ఇంజనీరు కూడా తెలుగువాడే, వరంగల్ అతను. కానీ అతని తెలుగు వాళ్లకీ, వాళ్ల తెలుగు అతనికీ సగమే అందేవి. మధ్యలో ఒంగోలు తెలుగుతో నేను.

మేం తిరువొత్తియూరు దాకా లోకల్ రైల్లో, అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళ్లేవాళ్లం. రైల్లో చదువుకోడానికి ఒక నవల తీసుకెళ్లేదాన్ని. పేరు కనపడకుండా దానికి న్యూస్‌పేపర్ అట్ట వేసేదాన్ని.

"ఏం పుస్తకమది? సెన్సర్ మాన్యువలా?" అని అడిగాడు ఇంజనీరు మొదటి రోజే.

"కాదు."

"మరి అట్టెందుకు ఏసినవ్? బూతుల పుస్తకమా ఏంది?"

నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆ తర్వాత అతను ఆ ఊసెత్తలేదు. ఎన్నూరు రోడ్డులో ఆటో లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు మాత్రం, "నీ పుస్తకం తియ్. గంట పడుతది," అనేవాడు.

సైరన్ కావాలని ట్రస్టుకి అర్జీ పెట్టింది కుప్పంలోని మహిళా సంఘం. దాని పెద్ద, నలభై దాటిన ఒకామె. పొద్దున్నే ఒడ్డున చేపలు కొని, గంపతో రైల్లో వెళ్లి వీధుల్లో అమ్మి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపుకుని ఉంది.

"యాడ నుంచి వచ్చినావు పాపా?"

"ఒంగోలు నుంచండి. ఇప్పుడు పెరంబూరులో ఉంటున్నాను."

"అండి గిండి యాల? అక్కా అను. పెండ్లయిందా?"

"లేదక్కా."

"మంచిపని. ఇంకొన్నాళ్లు అట్నే తిరగతా ఉండు."

ఇంజనీరు తన పెట్టె తెరిచి సెన్సర్ చూపించాడు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది వాసన పట్టతాదా? మా కుప్పంలో ఎప్పుడు చూసినా ఏదో ఒక వాసన ఉండనే ఉండాది. ఎండుచేపలకు గూడా మోగతాదేమో."

"చేపలకు మోగదక్కా. నాది గ్యారంటీ."

"నువ్వు గ్యారంటీ ఇచ్చేసి మీ ఊరికి రైలెక్కతావు. మోగితే నేను ఎవుర్ని పట్టుకునేది?"

నవ్వుతూనే మాట్లాడేది కానీ ఆమెకి సైరన్ ఎందుకు కావాలో రెండోసారి వెళ్లినప్పుడు తెలిసింది. ఆమె కూతురు ఎనిమిదో తరగతి. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ ఆయాసం. కిందటిసారి తెల్లవారుజామున వాసన వచ్చినప్పుడు అక్క ఒడ్డున చేపల వేలంపాట దగ్గర ఉంది. ఎవరో పరుగెత్తుకొచ్చి చెబితే ఇంటికి వెళ్లింది. అప్పటికే పిల్ల గోడకి ఆనుకుని కూర్చుని, మాట రాక, చేత్తో నేల మీద కొడుతోందట. ఆస్పత్రిలో కొన్ని రోజులు ఉంచి పంపారు.

"ముందే తెలిసింటే ఎత్తుకోని పోయిందును," అంది అక్క. "పది నిమిషాలు ముందు తెలిస్తే చాలు. అంతకంటే నేనేమీ అడగతా లేదు."

ఆ రోజు ఆఫీసుకి వచ్చి "అవుతుంది" పేజీ మళ్లీ చదువుకున్నాను. అది నాకు చాలా సుళువుగా వచ్చిన పేజీ.

తర్వాత సైరన్‌కి ఏ కూత పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. జనాన్ని అడిగి నిర్ణయిస్తే నివేదికలో మంచి మాటగా ఉంటుంది. మా పనిలో దానికి చాలా విలువ. ఒక సాయంత్రం గుడి పక్కన షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి, ఇంజనీరు ల్యాప్‌టాప్‌లోంచి ఒక్కొక్క కూతా వినిపించాడు. నచ్చినదానికి చెయ్యెత్తమన్నాం.

మొదటిది వినిపించగానే, "ఇది ఆంబులెన్సు గదా. రోజూ రోడ్డు మీద వింటా ఉండాం. ఎవురు లేస్తారు దీనికి?" అన్నారు.

రెండోది రైల్వే గేటట. మూడోది ఐసుబండట. దానికి వెనక కూర్చున్న పిల్లకాయలు లేచి నిలబడ్డారు, అందరూ నవ్వారు. చివరిది సన్నగా మొదలై, ఒకే ఊపున పైకి లేచి, విరగకుండా పొడుగ్గా సాగే కూత. షెడ్డులో మాటలు ఆగిపోయాయి. బయట వల అల్లుకుంటున్నవాళ్లు కూడా తలలెత్తారు.

"ఇదే. ఇది పెట్టు," అంది అక్క. "ఇదైతే నిద్రలో ఉండేవాడు గూడా లేస్తాడు."

"అంత మంచిగున్నదా?" అన్నాడు ఇంజనీరు.

"మా గుడి కూత మాదిరే ఉండాది."

అన్ని చేతులూ లేచాయి. గుడి గోపురం కింద చేత్తో తిప్పే పాత సైరన్ ఒకటి ఉందని నాకు తెలుసు. పండగలకి మోగిస్తారు కాబోలనుకున్నాను. "ప్రజలకు పరిచయమున్న ధ్వనినే ఎంచుకోవడం జరిగింది" అని రాసుకున్నాను. ఆ వాక్యం రాసినప్పుడు చాలా తృప్తి కలిగింది.

పరీక్ష రోజు ముందు కాగితాలు పంచాం. గుడి మైకులో కూడా చెప్పించాం. రేపు పొద్దున సైరన్ మోగుతుంది, అది పరీక్ష మాత్రమే, మోగగానే అందరూ పిల్లల్ని తీసుకుని రోడ్డు వైపు నడవాలి. ఒడ్డు వైపు ఎందుకు పోకూడదో కూడా చెప్పాం. వాసన వచ్చేది అటు నుంచే, సెన్సర్ల స్తంభాలు పాతింది కూడా అందుకే ఒడ్డున. అందరూ సరేనన్నారు. ఇంజనీరు రోడ్డు దగ్గర, సందు మొదట్లో, మంచినీళ్ల ప్యాకెట్లతో నిలబడాలి. ఎంతసేపట్లో ఎంతమంది వచ్చారో అతను రాసుకుంటాడు. ఇళ్ల మధ్య ఉండి, జనం ఎలా బయలుదేరుతున్నారో చూడడం నా పని.

నేను అక్క ఇంటి గుమ్మంలో టీ తాగుతున్నాను. పరీక్ష కోసం ఆ రోజు చేపలమ్మడానికి వెళ్లని అక్క మెట్టు మీద కూర్చుని కూతురికి జడ వేస్తోంది. ఒక జడ అయింది, రెండోది సగంలో ఉంది. అప్పుడు కూత లేచింది.

అక్క దువ్వెన వదిలేసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఒడ్డు వైపు పరుగెత్తింది. ఊడిన జడతో పిల్ల ఆమె వెనక. పక్కింటి ముసలామె, ఎదురింటి కోడలు, పొయ్యి మీద గిన్నె దించకుండానే వచ్చినవాళ్లు, చొక్కా చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లు. సందు నిండా మనుషులే, అందరి మొహాలూ సముద్రం వైపే. నా చేతిలో గ్లాసు ఏమైందో తెలియదు. ఇసుకలో పరుగెత్తుతున్నానని, ఒక కాలికి చెప్పు లేదని తెలిసేసరికి నేను స్తంభం కింద ఉన్నాను.

ఒడ్డున అప్పటికే మగవాళ్లు రెండు పడవలు నీళ్లలోకి నెడుతున్నారు. ఆడవాళ్లు తాళ్లు విప్పుతున్నారు. కుప్పం పెద్ద, తెల్లని మీసాల ఆయన, నడుము లోతు నీళ్లలో నిలబడి అరుస్తున్నాడు.

"ఎవురి పడవ? ఎవురి పడవరా?"

ఒకళ్లనొకళ్లు అదే అడుగుతున్నారు. మా తలల పైన, స్తంభం మీద, సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. అది ఆగింది. అప్పుడు ఎవరో, "రేయ్, ఇది ఆ గ్యాసు పరీచ్చ గదరా," అన్నారు. ఒకళ్ల తర్వాత ఒకళ్లు నవ్వడం మొదలుపెట్టారు. భర్త ఇంకా వేటనుంచి రాని ఒక చిన్నవయసు ఇల్లాలు మాత్రం నవ్వలేదు. ఇసుకలో కూలబడి చాలాసేపు లేవలేదు.

అక్క రొప్పుతూ నా దగ్గరికి వచ్చింది. "మాకు ఆ కూతంటే పడవే పాపా," అంది. "పడవ తిరగబడినా, పోయినోళ్లు రాకపోయినా గుడి కాడ తిప్పతారు. అది విన్నాక ఇంట్లో కూచునేది లేదు. కూచున్నోళ్లతో మళ్లా ఎవురూ మాట్లాడరు."

"సునామీ వస్తుందంటే కూడా అదేనా అక్కా?"

"దానికి మైకులో మనిషి చెప్తాడు. మాటలు లేకండా మోగితే పడవకే." కాస్త ఆగి, "చెయ్యెత్తేటప్పుడు నాకైనా అది గ్యాపకం రాలేదు చూడు," అంది.

ఫోన్ మోగింది. ఇంజనీరు.

"ఏడికి పోయిన్రు అందరు? నేనీడ నీళ్ల ప్యాకెట్లు పట్టుకొని నిలబడ్డ. ఇద్దరు ముసలోళ్లొచ్చిన్రు, ఒక మేకొచ్చింది."

"ఒడ్డుకి వెళ్లారు."

"ఎంతమంది?"

"అందరూ."

తర్వాత అతను, "ఈ ఇద్దరు కూడ రోడ్డు దాటలే," అన్నాడు. "లారీలు ఒకదాని ఎనక ఒకటి ఆనుకొని ఉన్నయ్. సందు లేదు. దాటినా అవతల గోడే ఉన్నది."

నేను కూడా ఒడ్డునే ఉన్నానని చెప్పడానికి అది తగిన సమయమే. చెప్పలేదు. నేను ఇళ్ల మధ్యే ఉన్నానని అతను అనుకున్నాడు, అనుకోనిచ్చాను. ఆ రోజు డైరీలో కూడా చెప్పు పోయిందని మాత్రమే రాసుకున్నాను.

మర్నాడు ఆఫీసులో యంత్రం లెక్కలన్నీ వచ్చాయి. ఒక్క తప్పు లేదు. పరీక్ష కోసం దగ్గర వదిలిన కాస్త వాయువుని సెన్సర్ కనిపెట్టింది, సైరన్ వెంటనే మోగింది, మెసేజ్‌లు అన్ని ఫోన్లకీ చేరాయి. నా "అవుతుంది" పేజీలో ప్రతి వాక్యం నిజమైంది. "కాదు" పేజీలో ఉప్పుగాలికి తుప్పు పడుతుందనీ, కరెంటు పోతుందనీ, సిగ్నల్ అందదనీ, బ్యాటరీ దొంగిలిస్తారనీ రాశాను. వాటిలో ఏదీ జరగలేదు. రెండు పేజీలూ మేడం ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆమె రెండూ చదివి, రెండూ చింపేశారు.

"ఇప్పుడు రాయి," అన్నారు. "ఇది సుళువుగా రాదు. అయినా రాయాల."

"మేడం, ఆ కుప్పంలో వాళ్లకి ఇది చాలా కావాలి."

"కావాల్నా వద్దా అని మనల్ని ఎవురూ అడగలేదమ్మా. అవతాదా కాదా అనే అడిగినారు."

అప్పుడు ఆ మాట కఠినంగా వినపడింది. ఇప్పుడు కూడా అలాగే వినపడుతుంది. కానీ తప్పని అనలేను.

ట్రస్టు తరఫున వచ్చిన అధికారి మర్యాదస్తుడు. స్తంభాల ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నారు. మామూలుగా మీటింగుల్లో నేను స్లైడ్లు మారుస్తాను, మేడం మాట్లాడతారు. ఆ రోజు ఆమె ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"ఆడ ఉండి చూసింది ఈ పిల్ల. ఈ పిల్లే చెప్తాది."

జరిగింది జరిగినట్టు చెప్పాను. చిన్నగా చెప్పాను కాబోలు, ఆయన ముందుకి వంగి విన్నారు.

"యంత్రం పనిచేసింది కదమ్మా?"

"పనిచేసిందండి."

"సైరన్ అందరికీ వినపడింది కదా?"

"వినపడిందండి. అందుకే అందరూ ఒడ్డుకి వచ్చారు."

ఇంజనీరు ఊరుకోలేదు. అతనికి ఆ సెన్సర్లంటే ప్రేమ. "సార్, కూత తీసేద్దాం. మనిషి గొంతు పెడదాం. ఇండ్లల్లకు పోయి తలుపులు ఏసుకోన్రి అని చెప్పిద్దాం. రెండు రోజుల పని."

అది మంచి ఆలోచనే. ఆయన మొహం విప్పారింది. నేను అక్క ఇల్లు తలుచుకున్నాను. రేకుల కప్పుకీ గోడకీ మధ్య గాలి కోసం వదిలిన జానెడు సందు. కిటికీకి తలుపుల్లేవు, పాత చీర కట్టి ఉంటుంది. కిందటిసారి పిల్లకి ఊపిరి అందకుండా పోయింది ఆ ఇంట్లోనే, తలుపు వేసి ఉండగానే. ఆ మాట చెప్పాను. వరసలో ఎక్కువ ఇళ్లు అలాంటివేనని చెప్పాను. ఇంజనీరు నా వైపు చూసి, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అయితే ఏం చేయాలంటారు?" అని అధికారి మేడంని అడిగారు.

"అది వేరే స్టడీ సార్," అన్నారు మేడం.

నా మూడో పేజీ వెళ్లింది. ప్రస్తుత రూపంలో సాధ్యం కాదు. మేడం ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు. కొన్ని వారాలకి ఆ డబ్బు ఇంకో ఊళ్లో ఇంకో పథకానికి కేటాయించారని తెలిసింది.

మీలో ఈ పనిలో చేరేవాళ్లకి నేను చెప్పగలిగింది తక్కువే. జనాన్ని ఏది నచ్చిందని అడగడం తేలిక. చెయ్యెత్తుతారు, లెక్కపెట్టుకోవచ్చు. అది వినపడితే మీరేం చేస్తారని అడగాలి. అడిగాక కూడా వాళ్లు చెప్పిన జవాబుని పూర్తిగా నమ్మకుండా ఒకసారి మోగించి చూడాలి. అక్కని అడిగి ఉంటే రోడ్డు వైపే పోతానని చెప్పేది, అబద్ధమని తెలియకుండానే. నన్నడిగినా అదే చెప్పేదాన్ని. ఇంతకంటే నాకు తెలిసింది లేదు. మూడో పేజీ సరైనదే అని ఇప్పటికీ అనుకుంటాను. సరైన పేజీ రాశాక తేలిగ్గా ఉంటుందని మాత్రం అనుకోకండి.

స్తంభాలు పీకడానికి ఇంజనీరు చిన్న బండి మాట్లాడుకుని వెళ్లాడు. నేను రానక్కర్లేదన్నాడు. అయినా వెళ్లాను. కబురు అక్కకి అప్పటికే చేరింది. మెట్టు మీద కూర్చుని చేపలు తోముతోంది, తలెత్తలేదు.

"కాదని రాసినావంట."

"అవునక్కా."

"మేం అడిగిన కూతే గదా పెట్టినారు. కావాలంటే దాన్ని మార్చగూడదా? మారిస్తే మేం నేర్చుకోమా? ఎద్దులమా?"

"మార్చినా చాలదక్కా."

"యాల చాలదు?"

నేను మెట్టు చివర కూర్చున్నాను. ఫోన్లో ఆ పేజీ తీసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. వాసన వచ్చేది ఒడ్డు నుంచే కాబట్టి ఒడ్డుకి పోకూడదు. ఇళ్లకి సందులున్నాయి కాబట్టి లోపల ఉంటే లాభం లేదు. రోడ్డు లారీలతో మూసుకుపోయి ఉంది, అవతల గోడ ఉంది. ఆమె చేపలు తోమడం ఆపింది. స్కూలునుంచి వచ్చిన పిల్ల గుమ్మంలో నిలబడి వింటోంది. రెండు జడలూ బిగుతుగా వేసి ఉన్నాయి.

"అంతా నిజమే రాసినావు," అంది అక్క. గొంతులో కోపం లేదు. "నేను అరిచిందేమీ మనసులో పెట్టుకోవాకు."

"లేదక్కా."

ఒడ్డు నుంచి రెండో స్తంభం కూడా బండిలోకి ఎక్కించిన చప్పుడు వినపడింది. ఇంజనీరు నన్ను పిలిచాడు. లేచి చెప్పులు వేసుకున్నాను. అక్క చేతులు కడుక్కుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, నా మొహంలోకి చూసింది.

"ఒడ్డుకి పోగూడదు, ఇంట్లో ఉండగూడదు, రోడ్డుకి పోలేం. సరే పాపా. మేం యాడికి పోవాల్నో, అది ఎవురు రాస్తారు?"